ఇంగ్లిష్ వస్తే చాలదు... నేర్పడం రావాలి!

డిగ్రీ పూర్తయింది. ఇంగ్లిష్ టీచరు కావాలన్నది కోరిక. బీఈడీలో చేరాలా, ఎంఏ చేయాలా? ఏ పరీక్ష రాయాలి, దరఖాస్తులో ఏం రాయాలి? వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న మరొకటుంది. మీకు ఇంగ్లిష్ ఇష్టమా... ఇంగ్లిష్ నేర్పడం ఇష్టమా?

'కన్యాశుల్కం' చదివినవాళ్లకీ చూసినవాళ్లకీ గిరీశం గుర్తుండే ఉంటాడు. పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానంటూ వాళ్ల అగ్రహారానికి బయల్దేరతాడు. అక్కడ వెంకటేశం తల్లి ముచ్చటపడి ఇంగ్లిష్‌లో మాట్లాడుకోమంటుంది. ఇంకేముంది! గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన పద్యం ముక్కల్నీ రీడరు వాక్యాల్నీ గడగడా ఒప్పజెప్పేసుకుంటారు. కొడుక్కి ఎంత చదువొచ్చిందో అని ఆ తల్లి మురిసిపోతుంది.

గిరీశానికి ఇంగ్లిష్ వచ్చు, సందేహం లేదు. వెంకటేశానికే రాలేదు. గురజాడ ఆ నాటకం అచ్చువేసి (1897) నూట పాతికేళ్లు దాటింది. ఇప్పటికీ మన ఇళ్లలో పిల్లవాడు బడి నుంచి రాగానే 'ఏదీ, ఓ రైమ్ చెప్పు నాన్నా' అని చుట్టాల ముందు నిలబెడుతూనే ఉన్నాం. వాడు చెబుతాడు, మనం చప్పట్లు కొడతాం. అదే పిల్లవాడు 'నాకు దాహంగా ఉంది, నీళ్లు తాగొస్తా' అన్న ముక్కని ఇంగ్లిష్‌లో సొంతంగా అనలేకపోతే ఎవరమూ పట్టించుకోం.

ఒప్పజెప్పించే మాస్టారికీ, సొంత వాక్యం పలికించే మాస్టారికీ ఉన్న తేడా అదే. ఇంగ్లిష్ టీచరయ్యేందుకు ఈ ఏడాది దరఖాస్తు చేస్తున్న ప్రతి అభ్యర్థీ ఈ ఇద్దరిలో ఎవరవుతారన్నదే అసలు సంగతి.

ఇప్పుడే ఎందుకంత ముఖ్యం?

ఒకప్పుడు ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ అంటే ఒక సబ్జెక్టు. ఆ పీరియడ్ గంట గడిస్తే మళ్లీ లెక్కలూ సైన్సూ అన్నీ తెలుగులోనే. ఆ ఒక్కటీ రాకపోయినా మిగతా చదువు ఆగేది కాదు. పరిస్థితి మారిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 'సక్సెస్' పాఠశాలల పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ మీడియం తరగతులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తీసుకున్న ఇంగ్లిష్ మీడియం నిర్ణయం కోర్టుల దాకా వెళ్లి పెద్ద చర్చే రేపింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది.

మాతృభాషలోనే చదువు సాగాలా, ఇంగ్లిష్‌లో సాగాలా అన్నది వేరే చర్చ. కానీ మీడియం మారిన బడిలో ఇంగ్లిష్ అర్థంకాని పిల్లవాడికి ఇంగ్లిష్ ఒక్కటే కాదు... సైన్సూ పోతుంది, సాంఘికశాస్త్రమూ పోతుంది. పట్నంలో ఉన్నవాళ్ల పిల్లలకి టీవీ ఉంది, ట్యూషన్ ఉంది, అమ్మానాన్నలు అందించే మాట ఉంది. కూలికెళ్లే ఇంట్లో పుట్టిన పిల్లకి ఇంగ్లిష్ వినిపించే మనిషి ప్రపంచం మొత్తమ్మీద ఒక్కరే... ఆ బడిలో టీచరు.

'అసర్' సర్వే 2022లో గ్రామీణ భారతంలో పిల్లల చదువుని పరీక్షించింది. అయిదో తరగతి పిల్లల్లో చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగింది 24.5 శాతమే. ఎనిమిదో తరగతికొచ్చేసరికి 46.7 శాతం. అంటే ఎనిమిదేళ్లు బడికెళ్లాక కూడా సగానికి పైగా పిల్లలు సులభమైన వాక్యం దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్లకేమీ తెలివితేటలు తక్కువ కాదు. వాళ్లకు కావలసింది ఇంగ్లిష్ తెలిసిన మనిషి కాదు, నేర్పడం తెలిసిన మనిషి.

దారులు ఎన్ని?

డిగ్రీ తర్వాత ఇంగ్లిష్ బోధనలోకి వెళ్లాలంటే మనవాళ్ల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకదాన్ని చూసి మరొకటనుకుని చేరిపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

మొదటిది బీఈడీ. హైస్కూల్లో టీచరు కావాలంటే రాజమార్గం ఇదే. ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీలోనో పీజీలోనో ఇంగ్లిష్ చదివి ఉండాలి, దాంతోపాటు ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ చేసి ఉండాలి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా కుదరదు. పైన టెట్ ఉండనే ఉంది.

రెండోది ఎంఏ. ఇందులోనూ రెండు రకాలు. షేక్‌స్పియర్ నుంచి ఆర్.కె. నారాయణ్ దాకా సాహిత్యం చదివే ఎంఏ ఇంగ్లిష్ ఒకటి. జూనియర్ కాలేజీలో, డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు ఎక్కువగా ఇటే వెళ్తారు. భాషని ఎలా నేర్పాలి, పుస్తకం ఎలా తయారుచేయాలి, పరీక్ష పేపరు ఎలా కూర్చాలి అన్నవాటినే ప్రధానంగా చదివే ఇంగ్లిష్ బోధన కోర్సులు రెండోరకం. దీనికి దేశం మొత్తానికీ పెద్దదిక్కు మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాక దగ్గరున్న ఇఫ్లూ! ఇక గురుకులాల్లో పీజీటీ కావాలంటే ఎంఏతో పాటు బీఈడీ కూడా అడుగుతారు.

మూడోది విదేశీ చదువు. అమెరికాలో ఎంఏ టీసోల్, మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్... రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి ఆ భాష నేర్పడం గురించిన చదువు. రెండోది అక్కడి బడుల్లో టీచరుగా లైసెన్సు తెచ్చుకోవడానికి ఉద్దేశించింది. ఆ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికారాష్ట్రమే. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం ఉంటున్న మన ఆడపడుచులు 'ఇక్కడ ఇంగ్లిష్ పీజీ చేస్తే బడిలో ఉద్యోగమొస్తుందిగా' అని చేరిపోకుండా, ఆ కోర్సు తమ రాష్ట్రంలో లైసెన్సుకి పనికొస్తుందా అన్నది ముందు అడగడం మంచిది.

జనరల్ ఇంగ్లిష్‌తో చిక్కు

ఇంగ్లిష్ మెథడాలజీ దగ్గర ఏటా చాలామంది బోర్లాపడేది ఒకే చోట. 'డిగ్రీలో ఇంగ్లిష్ చదివాను, మంచి మార్కులే వచ్చాయి' అంటారు. నిజమే. కానీ డిగ్రీ చదివే ప్రతివాళ్లకీ ఉండే జనరల్ ఇంగ్లిష్ లెక్కలోకి రాదు. బీఏలో స్పెషల్ ఇంగ్లిష్ లేదా ఇంగ్లిష్ లిటరేచర్ చదివి ఉండాలి. లేదంటే ఎంఏ ఇంగ్లిష్ చేసి ఉండాలి. బీకాం, బీఎస్సీ చదివి ఇంగ్లిష్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు ముందు ఎంఏ ఇంగ్లిష్ చేసి ఆ తర్వాత బీఈడీకి రావాలన్నమాట.

రెండేళ్లు ఎక్కువ పడుతుంది కదా అని నిరుత్సాహపడక్కర్లేదు. ఎంఏ ఉంటే హైస్కూలూ జూనియర్ కాలేజీ... రెండు గుమ్మాలూ తెరిచి ఉంటాయి. కౌన్సెలింగ్ రోజున సర్టిఫికెట్లు చూపించాక సంగతి తెలియడమే బాధాకరం. డిగ్రీ మార్కుల జాబితా తీసి అందులో సబ్జెక్టు పేరు ఏమని ఉందో ఈరోజే చూసుకోండి. సాధారణ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులు ఉండాలన్నదీ మరిచిపోవద్దు.

రెండు రాష్ట్రాలు... రెండు పరీక్షలు

పేరు రెండుచోట్లా ఎడ్‌సెట్టే. ప్రశ్నలు 150, సమయం రెండు గంటలు. అంతవరకే పోలిక!

ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న మెథడాలజీ మీదే వంద ప్రశ్నలుంటాయి. మిగతా యాభైలో జనరల్ ఇంగ్లిష్ 25, జనరల్ నాలెడ్జ్ 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10. ఇంగ్లిష్ అభ్యర్థికి ఇది ఒకరకంగా సొంత మైదానం. వ్యాకరణం, సాహిత్యం మీద పట్టుంటే నెగ్గుకురావచ్చు.

తెలంగాణలో 2021 నుంచి అందరికీ ఒకే పేపరు. లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం కలిపి 60 ప్రశ్నలు. టీచింగ్ ఆప్టిట్యూడ్ 20, జనరల్ ఇంగ్లిష్ 20, జనరల్ నాలెడ్జ్-విద్యారంగ అంశాలు 30, కంప్యూటర్ పరిజ్ఞానం 20. అంటే ఇంగ్లిష్ టీచరు కావాలనుకునే అభ్యర్థి కూడా పదో తరగతి తర్వాత మూట కట్టి అటకమీద పడేసిన లెక్కల పుస్తకాన్ని మళ్లీ దించాల్సిందే. తమ్ముడివో చెల్లెలివో హైస్కూలు పుస్తకాలు ఇంట్లో ఉంటే అంతకన్నా మంచి మెటీరియల్ లేదు.

ఇక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్‌కి వెళ్లాలంటే సీయూఈటీ పీజీ రాయాలి. దాని దరఖాస్తులు ఎడ్‌సెట్ కన్నా ముందే వస్తాయి. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ హడావుడిలో ఉండగానే గడువు దాటిపోతుంది. డిసెంబరు నుంచే కన్నేసి ఉంచడం క్షేమం. ఇఫ్లూ ప్రవేశాలకు మాత్రం పాత పద్ధతుల గురించి సీనియర్లు చెప్పే మాట మీద ఆధారపడకుండా ఆ ఏడాది ప్రకటనే చదువుకోవాలి.

'ఎందుకు టీచరవుతారు?'

ఎడ్‌సెట్‌కి ర్యాంకొస్తే చాలు. ఎవరూ 'ఎందుకు టీచరవుతారు' అని అడగరు. కానీ అడిగే చోట్లు ఉన్నాయి. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ ఎడ్యుకేషన్‌కి రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూ పెడుతుంది. విదేశీ విశ్వవిద్యాలయాలు ఉద్దేశాన్ని వివరిస్తూ వ్యాసం రాసి పంపమంటాయి. పేరున్న ప్రైవేటు బడులు ఉద్యోగమిచ్చే ముందు డెమో తరగతి చెప్పమంటాయి. ఇవాళ కాకపోతే రేపు, అందరూ జవాబు చెప్పాల్సిన ప్రశ్నే అది.

దానికి మనవాళ్లు సాధారణంగా ఎలాంటి జవాబులు రాస్తారు? చిన్నప్పటినుంచీ ఇంగ్లిష్ అంటే ప్రాణం. ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైంది. ఇంగ్లిష్ ప్రపంచ భాష. దేశానికి సేవ చేయాలని ఉంది... అన్నీ మంచి మాటలే. చిక్కల్లా, వందమంది రాసినా ఇవే మాటలు ఉంటాయి. చదివేవాళ్లకి ఆ వందమందిలో మీరెవరో తెలియదు.

రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు ఇలా రాశారనుకుందాం: 'నాకు వ్యాకరణంలో మంచి పట్టుంది. పిల్లలకు కాలాలన్నీ సులభంగా బోధించగలను.' మరొకరు ఇలా: 'మా వీధిలో ఆరో తరగతి పిల్లకి ఏడాదిగా చదువు చెబుతున్నాను. రోజూ బడికెళ్తానని చెప్పడానికి అది ఎప్పుడూ ఐ విల్ గో టు స్కూల్ డైలీ అంటుంది. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. తెలుగులో వెళ్తాను అన్న మాట రేపటికీ వాడతాం, రోజూ చేసేదానికీ వాడతాం కాబట్టే అలా అంటోందని తర్వాత తట్టింది. అప్పటినుంచి దిద్దడం మానేసి, దాని దినచర్యా రేపటి పనులూ రెండు కాగితాల మీద విడివిడిగా బొమ్మలు గీయించి మాట్లాడించడం మొదలెట్టాను.'

మొదటి అభ్యర్థికి ఇంగ్లిష్ వచ్చు. రెండో అభ్యర్థి అప్పటికే సగం టీచరు. సీటు ఎవరికివ్వాలో చెప్పడానికి ప్రొఫెసరే అక్కర్లేదు.

ఆ రెండో జవాబు రాయాలంటే పెద్ద అనుభవం ఉండాలా? అక్కర్లేదు. వీధిలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వారానికి మూడు సాయంత్రాలు చదువు చెప్పండి. వాళ్లు ఏ తప్పు చేశారో, మీరేం చేశారో, ఫలించిందో లేదో ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. ఆరు నెలలయ్యాక మీకో సంగతి తెలిసిపోతుంది... ఈ పని మీకు నిజంగా ఇష్టమా, కాదా అన్నది. ఇష్టం లేదని తేలినా నష్టం లేదు. రెండేళ్లూ ఫీజూ మిగిలినట్టే.

తెలుగు మీడియమా? భయం వద్దు

'మాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ టీచరు కోర్సుకి వెళ్తే నవ్వుతారేమో' అని వెనకాడేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. నిజానికి వాళ్ల చేతిలో ఓ పెట్టుబడి ఉంది, దాని విలువ వాళ్లకే తెలియదు. తెలుగు పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు ఎక్కడ పడతారో, అక్కడ ఒకప్పుడు తామూ పడి లేచినవాళ్లు వాళ్లు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో మధ్యలో వస్తుంది. పిల్లవాడు వాక్యం మొదలుపెట్టి సగంలో ఆగిపోయి నీళ్లు నమిలేది అందుకే. 'ఏ', 'ఏన్', 'ది' లాంటివి తెలుగులో లేనేలేవు కాబట్టి వాటిని వదిలేస్తాడు, లేదా అడ్డదిడ్డంగా పెడతాడు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకి బస్సు, రోడ్ మనకి రోడ్డు, పెన్ మనకి పెన్ను అయ్యాయి. 'ఎగ్'ని యెగ్గు అనడమూ అలాంటిదే. 'నాకు ఇద్దరు అన్నలున్నారు'లో 'నాకు' ఉంది, ఇంగ్లిష్‌లో 'నేను' కావాలి. మనకి 'మేము' వేరు, 'మనం' వేరు. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒక్కటే మాట.

కాన్వెంట్లో ఊపిరి పీల్చినంత తేలిగ్గా ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకి ఇవి తప్పులుగా కనిపిస్తాయి. తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి నడిచొచ్చినవాళ్లకి ఇవి కారణాలుగా కనిపిస్తాయి. కారణం తెలిసిన టీచరు పిల్లల్ని కసరరు. అదే బడిలో మొదటి మెట్టు. అలాగని సొంత ఇంగ్లిష్ అంతంతమాత్రంగా ఉన్నా ఫరవాలేదని కాదు. క్లాసులో పిల్లలు వినేది మీ ఇంగ్లిష్‌నే. రోజూ ఓ ఇంగ్లిష్ పత్రికలో ఒక వార్త పైకి చదవడం, రేడియోలోనో ఫోన్లోనో పావుగంట వినడం, విన్నది నాలుగు ముక్కల్లో సొంతంగా చెప్పడం... ఏడాది పాటు ఆపకుండా చేస్తే తేడా ఎదుటివాళ్లకే తెలుస్తుంది. అమెరికన్ యాస అరువు తెచ్చుకోనక్కర్లేదు. స్పష్టంగా, తప్పుల్లేకుండా, చివరి బెంచీదాకా వినిపించేలా మాట్లాడితే చాలు.

యేట్స్ దొర సందేహం

భాషని ఎలా నేర్పాలన్న ప్రశ్న మనకి కొత్తదేమీ కాదు. 1907 ప్రాంతంలో ఉత్తరాంధ్రకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే దొరకి ఓ సందేహమొచ్చింది. జనం మాట్లాడే తెలుగుకీ బడి పుస్తకాల్లో తెలుగుకీ పొంతన ఎందుకు లేదు? అది గిడుగు రామమూర్తి, గురజాడ, విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్లను కదిలించింది. వ్యావహారిక భాషోద్యమానికి దారితీసింది. వాడుకలో ఉన్న జీవభాషనే బడిలో నేర్పాలన్న పట్టుదల ఆ ఉద్యమానికి ప్రాణం. తెలుగుకి చెల్లిన ఆ మాట ఇంగ్లిష్‌కీ చెల్లుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. ఇంగ్లిష్ టీచర్లకి పాఠం చెప్పే తీరు నేర్పడమే దాని పని. తర్వాత విదేశీ భాషలూ చేరి సీఫెల్ అయింది. 2006లో పార్లమెంటు చేసిన చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా, ఇఫ్లూగా మారింది. టీచర్లకి తాలీము ఇచ్చే రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ 1963 నుంచీ బెంగళూరులో ఉంది.

ఆ బెంగళూరు పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన ప్రయోగమొకటి జరిగింది. 1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు, ఆయన సహచరులు దక్షిణాదిలోని కొన్ని మామూలు బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి పిల్లలకి పనులిచ్చారు. రైలు టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, పటం చూసి దారి చెప్పడం... ఇలాంటివి. పని మీద ధ్యాస పెడితే భాష దానంతటదే వస్తుందన్నది ఆ ప్రయోగం వెనక నమ్మకం. ఇవాళ అనేక దేశాల్లో టీచర్లు చదువుకునే 'టాస్క్' పద్ధతికి మూలాల్లో ఒకటి అదే. ఏసీ గదుల్లోనూ కాదు, విదేశాల్లోనూ కాదు... కిక్కిరిసిన మన తరగతి గదుల్లోనే పుట్టింది! ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్తే మాట్లాడటానికి ఓ ఆధారం దొరుకుతుంది.

కాలేజీకి వెళ్లకుండా బీఈడీ?

ర్యాంకొచ్చింది, కౌన్సెలింగ్ మొదలైంది. ఇప్పుడు కాలేజీ ఎంపిక. ఇక్కడే చాలామంది వినే మాట: 'కాలేజీకి రానక్కర్లేదు, ఫీజు కడితే చాలు, అటెండెన్సు మేం చూసుకుంటాం.' రాష్ట్రం దాటించి మరీ ఇలాంటి సీట్లు ఇప్పిస్తామనే మధ్యవర్తులకూ కొదవ లేదు.

ఉద్యోగం చేసుకుంటూ సర్టిఫికెట్ వస్తుందంటే ఆశగానే ఉంటుంది. కానీ లెక్క వేసుకోండి. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో బీఈడీ ఏడాది నుంచి రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. తరగతులకు కనీసం 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. బీఈడీకి ప్రాణమంతా ఆ ఇరవై వారాల్లోనే ఉంది. నలభైమంది పిల్లల ముందు మొదటిసారి నిలబడి, వేసుకున్న పాఠ్యప్రణాళిక పది నిమిషాల్లో తలకిందులైతే ఏం చేయాలో తెలిసేది అక్కడే. వెనక బెంచీలో కూర్చున్న లెక్చరరు పాఠం అయ్యాక చెప్పే నాలుగు మాటలు ఏ గైడులోనూ దొరకవు. వాటిని వదులుకుని తెచ్చుకున్న సర్టిఫికెట్ టెట్ రోజున కాకపోతే డెమో రోజున, అదీ కాకపోతే మొదటి తరగతిలో... ఎక్కడో ఓ చోట ఖాళీ బయటపెడుతుంది. ఆ ఖాళీకి మూల్యం చెల్లించేది మాత్రం పిల్లలు.

అందుకే కాలేజీని ఎంచుకునే ముందు అక్కడ చదువుతున్నవాళ్లని రెండే రెండు ప్రశ్నలడగండి. ఇంగ్లిష్ మెథడాలజీకి విడిగా లెక్చరరు ఉన్నారా? ఇంటర్న్‌షిప్‌లో మీ పాఠాన్ని ఎవరైనా వచ్చి చూశారా? రెండిటికీ అవునని జవాబొస్తే భవనం పాతదైనా ఫరవాలేదు.

ఇంట్లోవాళ్లు ఆలోచించాల్సింది

'ఆడపిల్ల కదా, టీచరుద్యోగమైతే నీడపట్టున ఉంటుంది' అని బీఈడీలో చేర్పించే తల్లిదండ్రులు చాలామంది. 'డీఎస్సీ పడితే జీవితం స్థిరపడుతుంది' అన్నది మరో లెక్క. తప్పులేదు. కానీ డీఎస్సీ ఏటా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పెద్దఎత్తున నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే, 16,347 పోస్టులకి. తెలంగాణలో 2017 నాటి నియామక ప్రకటన తర్వాత 2024లో 11,062 పోస్టులకి డీఎస్సీ వచ్చింది. రెండుచోట్లా మధ్యలో ఏడేళ్లు!

ఆ ఏడేళ్లూ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి గడపాలా, ఏదో ఒక బడిలో పాఠం చెబుతూ గడపాలా అన్నది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. చిన్న ప్రైవేటు బడుల్లో జీతాలు అంతంతమాత్రమే. అయినా పాఠం చెబుతూ ఎదురుచూసినవాళ్లకి చేయి తిరుగుతుంది. ఖాళీగా ఎదురుచూసినవాళ్లకి చదివింది మరుపొస్తుంది. కోర్సు ఫీజు ఒక్కటే కాకుండా ఆ ఎదురుచూపు ఖర్చు కూడా లెక్కేసుకుని దిగితే తర్వాత ఒకరినొకరు నిష్టూరమాడుకోవాల్సిన పని ఉండదు.

అలాగే కొడుకో కూతురో 'ఇంజినీరింగ్ కాదు, ఇంగ్లిష్ టీచరునవుతాను' అంటే 'ఇంకేదీ రాకపోతే చేసే ఉద్యోగం అది' అని తీసిపారేయకండి. ఇంకేదీ రానివాళ్లు చేయగలిగిన పని కాదిది.

దరఖాస్తుకి ముందు ఓసారి చూసుకోండి

* మార్కుల జాబితాలో స్పెషల్ ఇంగ్లిష్ లేదా ఇంగ్లిష్ లిటరేచర్ అని ఉందా? లేకపోతే ఎంఏ ఇంగ్లిష్ తర్వాతే ఇంగ్లిష్ మెథడాలజీ.

* పదో తరగతి మెమోలో, డిగ్రీ మెమోలో, ఆధార్‌లో పేరూ ఇంటిపేరూ ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే ప్రకటన రాకముందే సరిచేయించుకోండి.

* స్థానికత కోసం చదువు ధ్రువపత్రాలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు సిద్ధంగా ఉంచుకోండి. చివరిరోజు మీసేవ ముందు బారులు మామూలే.

* కాలేజీకి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం రెండూ ఉన్నాయో లేదో చూడండి.

* వ్యాసం రాసి పంపాల్సిన కోర్సయితే రాసినదాన్ని పైకి చదవండి. పక్కింటివాళ్లు పేరు మార్చి అదే పంపినా సరిపోయేలా ఉంటే చించేసి మళ్లీ రాయండి.

* సిఫార్సు లేఖ కావాలంటే పేరున్నవాళ్లని కాదు, మీరు పాఠం చెబుతుంటే చూసినవాళ్లని అడగండి. కనీసం నెల ముందు అడగండి.

* ఇంటర్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే వాళ్లకి డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో పూర్తయ్యే సమీకృత కోర్సులున్నాయని చెప్పండి.

నోటిఫికేషన్లు వస్తుంటాయి, పోతుంటాయి. పరీక్ష పద్ధతులు మారుతుంటాయి. ఆరో తరగతి గదిలో ఇన్నాళ్లూ నోరు మెదపని పిల్ల ఒకరోజు లేచి, పుస్తకంలో లేని వాక్యమొకటి తనంతట తాను ఇంగ్లిష్‌లో అంటుంది. అందులో రెండు తప్పులుండొచ్చు. ఆ తప్పుల్ని అప్పటికి పక్కనపెట్టి, ఆ పిల్ల ఏం చెప్పిందో దానికి జవాబు చెప్పగలరా? చెప్పగలనన్న నమ్మకం ఉంటే... దరఖాస్తు నింపండి.